ఇంకోసారి తాతా

తాత నిద్రపోతున్నాడు. తాత గొంతు మాత్రం కట్ట అవతలి నుంచి వినిపించింది.

సద్దిగిన్నె మూత తీయబోతున్న చెంచులక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా వేపచెట్టు నీడలో పెంచలయ్య తలగుడ్డ మొహం మీదికి లాక్కుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊపిరికి గుడ్డ లేస్తూ పడుతూ ఉంది. అయినా ఆ పిలుపు మళ్లీ వచ్చింది. ముందు నాలుకను అంగిట్లో ఆడించిన చప్పుడు, తరువాత సన్నగా పైకి లేచి మధ్యలో విరిగే గొంతు, చివర "దా, దా, దా" అని కిందికి దిగడం. కొమ్మ వంచి తుమ్మకాయలు రాల్చినప్పుడు తాత గొర్రెలకు వేసే పిలుపు అది. విని రాని గొర్రె మందలో లేదు.

ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చి నిలబడ్డ మంద కదిలింది. గంట కట్టిన మేకపోతు ముందు బయలుదేరింది. దాని వెనక పది, ఆ పది వెనక ఇంకో ఇరవై. దుమ్ము లేచింది.

"తాతా, లెయ్. తాతా."

పెంచలయ్య లేచి కూర్చునేసరికి ముందు వరస కట్ట ఎక్కుతోంది. అప్పుడే అవతలి నుంచి ఒక మగపిల్లవాడి గొంతు పలికింది. "ఇంకోసారి తాతా." ఆ వెంటనే ఒక ఆడపిల్ల నవ్వు.

ఆ నవ్వు తనదే అని చెంచులక్ష్మికి తెలిసేలోపు కాళ్లు పరుగెత్తుతున్నాయి.

దుత్తలూరు రోడ్డు అక్కడ కట్టను కోసుకుంటూ పోతుంది. ఆ కోతలో ఒక చిన్న ట్రక్కును వెనక్కి ఆనించి పెట్టారు. దాని వెనక తలుపును కట్ట మీదికి పలకలా పరిచారు. గొర్రె ఎగరాల్సిన పని లేదు, నడిచి లోపలికి పోతే చాలు. లోపల తుమ్మకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. క్యాబిన్ మీద, ఊళ్లో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్లు పెట్టుకునే మైకు. మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్న ఇద్దరు మనుషులు ఆమెను చూశారు. ఒకడు క్యాబిన్‌ను అరచేత్తో రెండుసార్లు చరిచాడు. తలుపు మూయకుండానే బండి కదిలింది. పలక మీద ఉన్న గొర్రె కింద పడి, వెనక చక్రం కింద ఒక్కసారి అరిచింది.

మైకు ఇంకా పిలుస్తూనే ఉంది. మిగిలిన గొర్రెలు కొంత దూరం బండి వెంట పరుగెత్తి ఆగిపోయాయి.

పెంచలయ్య కట్ట మీద నిలబడి రొప్పుతూ పిలుపు వేశాడు. ఒక్కటీ వెనక్కి తిరగలేదు. అన్నీ రోడ్డు వైపే చూస్తున్నాయి.

"పద్దెనిమిది పోయినాయి," అన్నాడు ఆయన, లెక్కపెట్టకుండానే. చచ్చిన గొర్రె పక్కన కూర్చుని దాని చెవికి గుర్తుగా కోసిన గంటును వేలితో తడిమాడు. "పాపా, పిలిచింది నేనేనా?"

*

సురేంద్రబాబు ఇంటి అరుగు మీద సాయంత్రం అయిదింటికి జనం పోగయ్యారు. మంద కట్టిన బీడు ఆయనది. ఎర్రగుంటపల్లె చుట్టుపక్కల పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో సగం ఆయనవి. ఆత్మకూరులో ఫంక్షన్ హాలు ఆయనది. వచ్చే ఆదివారం ఆ హాల్లోనే 'మెట్ట' బ్యాండ్ ప్రోగ్రాం పెట్టించింది కూడా ఆయనే, ఎందుకంటే బ్యాండ్‌లో గిటార్ వాయించే సాయికిరణ్ ఆయన కొడుకు.

పెంచలయ్య మెట్ల మీద కూర్చున్నాడు. చెంచులక్ష్మి స్తంభం పక్కన నిలబడింది.

"ఎవరన్నా గుర్తు తెలిసినారా?" అడిగాడు సురేంద్రబాబు.

"మొకాలు కట్టుకోని ఉండారు సామీ. గొంతు మటుకు గుర్తుపట్టినా. ఆ రెబెకమ్మ కొడుకు, జోయెల్‌ది. ఇంకోసారి తాతా అన్నాడు."

"వాడు ఆడ లేడు సార్," అంది చెంచులక్ష్మి. "అది రికార్డులో ఉండే గొంతు. మా బ్యాండ్ పాట చేసేదానికి ముందు తాత పిలుపు నా ఫోన్లో పట్టినాం. అప్పుడు జోయెల్ అన్న మాట అది. నా నవ్వు కూడా ఉండాది. యూట్యూబ్‌లో పెట్టిన పాటలో ఆ ముక్క లేదు."

"పాటే మైకులో వేసినారేమో?"

"పాటకి గొర్రెలు రావు సార్, డ్రమ్స్‌కి బెదురుతాయి. తాతా నేనూ చూసినాం. దొంగలు వేసింది ఒట్టి పిలుపు."

సురేంద్రబాబు కుర్చీలో ముందుకు వంగాడు. "తెలివైన పిల్లవే. ఆ ఒట్టి పిలుపు ఎవరెవరి దగ్గరుండాది?"

అందరూ తనవైపే చూస్తున్నారు. స్టేజీ మీద లైటు పడ్డప్పుడు ఉండే వెచ్చదనం చెంచులక్ష్మికి మెడ వెనక తెలిసింది. "మా నలుగురి దగ్గరే సార్. ఇంకెవరి దగ్గరా లేదు."

ఆయన కుడిచెయ్యి పైకెత్తి నాలుగు వేళ్లు చాచాడు. "ఒకటి మావాడు." చిటికెన వేలు ముడిచాడు. "ఇంకోటి ఆత్మకూరు ఫొటో స్టూడియో ఆయన కొడుకు, పవన్." ఇంకో వేలు ముడిచాడు. "మూడోది నువ్వు. నీ తాత గొర్రెలు నువ్వు తోలుకోని పోవు కదా." జనం నవ్వారు. చూపుడువేలు ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తూ అడిగాడు. "జోయెల్ ఫోన్లో ఆ రికార్డు ఉండాదా?"

"ఉండాది సార్, కానీ వాడు అట్టాంటోడు..."

"అట్టాంటోడా ఇట్టాంటోడా నేనడగలా. ఉండాదా, లేదా?"

"ఉండాది."

"గోపాలయ్యా," అని పిలిచాడు సురేంద్రబాబు. బ్యారన్లు చూసుకునే గోపాలయ్య గోడకు ఆనుకుని ఉన్నవాడు లేచి వచ్చాడు. "ఆ పిల్లోణ్ణి బ్యారన్ కాడికి పిలిపించు. మర్యాదగా అడుగుదాం."

ఆయన భార్య రేణుకాదేవి లోపలి నుంచి చెంచులక్ష్మికి టీ పంపింది. చెంచులక్ష్మి తాగింది. చక్కెర ఎక్కువైంది.

*

సోమవారం పొద్దున చెంచులక్ష్మి ఆత్మకూరు బస్టాండులో దిగేసరికి రెండు ఆటోల్లో తన గొంతే మోగుతోంది. 'మందపిలుపు' పాట. తాత పిలుపుతో మొదలై, దాని మీద జోయెల్ డ్రమ్స్ పడి, ఆ పైన తను అందుకునే పాట. ఆరు నెలల్లో మూడు లక్షల మంది చూశారు. అనంతసాగరంలో అయిదుగురు స్కూలు పిల్లలు పెయింటు డబ్బాలతో ఒక బ్యాండ్ పెట్టుకుని, కిందటి వారం సైకిళ్లేసుకుని వీళ్లను చూడ్డానికి వచ్చారు. ఆదివారం ప్రోగ్రాంకు హైదరాబాదు నుంచి ఒక రికార్డింగ్ కంపెనీ మనిషి వస్తున్నాడు. ఇంటర్ పరీక్షలకు పది రోజులుంది. చెంచులక్ష్మి పుస్తకం తెరిచి నెల అయింది.

ప్రాక్టీసు ఎప్పుడూ పవన్ వాళ్ల స్టూడియో వెనక గదిలో. గోడలకు పాత పరుపులు కొట్టి ఉంటాయి. ఆమె లోపలికి వెళ్లేసరికి జోయెల్ స్టూలు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. నెల్లూరు కుర్రాడు, చెవికి పోగు. స్టూలు మర తిప్పి ఎత్తు పెంచుకుంటున్నాడు.

"జోయెల్ ఏడి?"

సాయికిరణ్ గిటారు తీగ బిగిస్తూ తల ఎత్తలేదు. "రాడంట. చెయ్యి బాగలేదంట."

"ఏమైంది చేతికి?"

"నాకేం తెలుసు చెంచూ. నాయన వాళ్లు పిలిచి అడిగినారంట. వీడు తిరగబడినాడంట. గోపాలయ్య ఏదో..." తీగ తెగేటంత బిగించి, మళ్లీ వదులు చేశాడు. "ఆదివారం కంపెనీ ఆయన వస్తా ఉండాడు. ఇప్పుడు ఇదంతా వద్దు."

"ఏంది వద్దు? వాడు రాత్రి ఇంటికి పోయినాడా?"

పవన్ లాప్‌టాప్ వైపు తిరిగి కూర్చుని ఏదో సరిచేస్తూ మెల్లగా అన్నాడు. "గవర్నమెంటు ఆస్పత్రిలో ఉండాడు. కట్టు వేసినారు."

ఆమె బయటికి నడిచింది. వెనక నుంచి కొత్త కుర్రాడు డ్రమ్ము మీద ఒక వరస వాయించాడు. జోయెల్ వరసే. యూట్యూబ్ చూసి నేర్చుకున్నట్టున్నాడు. తప్పు లేదు.

ఆస్పత్రి వరండాలో రెబెకమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. పొగాకు పనిలో నల్లబడ్డ వేళ్ల మధ్య ఎక్స్‌రే కవరు నిలువుగా పట్టుకుంది. చెంచులక్ష్మిని చూసి లేవలేదు.

"ఆంటీ, ఒకసారి చూసి పోతాను."

"ఏముండాది చూసేదానికి? మణికట్టు కాడ రెండు చోట్ల. రెండు వేళ్లు ఇంక వంగవేమో అంటా ఉండాడు డాక్టరు."

"నేను వాడు కాదని చెప్పినా ఆంటీ."

"ముందు నలుగురే అని చెప్పినావంట కదా." రెబెకమ్మ గొంతు పెంచలేదు. "నలుగుర్లో ఎవర్ని తీసుకపోతారో నీకు తెలీదా? పదిహేడేళ్లు ఇదే ఊర్లో ఉండావే."

లోపలి నుంచి నర్సు పిలిచింది. రెబెకమ్మ కవరు తీసుకుని వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

*

మంగళవారం ఆమె ప్రాక్టీసుకు వెళ్లింది. వెళ్లకూడదనుకుంటూనే బస్సెక్కింది. అందరికంటే ముందు వచ్చింది. పవన్ వెనక గదిలో ఇంకో పనిలో ఉన్నాడు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలు ఇచ్చే ముసలాయన ఒకడు మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఇది పవన్ సొంత సంపాదన. ఊళ్లు తిరిగి అమ్మేవాళ్ల కేకలు రికార్డు చేసి, శుభ్రం చేసి, చిన్న మెమరీ కార్డులో వేసి ఇస్తాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా మోపెడ్ల మీద మోగే కేకల్లో సగం ఈ గదిలో పుట్టినవే.

"ఇనుముకు ఉల్లిగడ్డా, ఉల్లిగడ్డా," అన్నాడు ముసలాయన.

"అట్ట కాదు పెద్దాయనా, మైకుకి మూతి దూరం పెట్టు. చివర లాగు."

ఆయన మళ్లీ అన్నాడు. పవన్ హెడ్‌ఫోన్ తీసి వినిపించాడు. ముసలాయన పెదవి విరిచాడు. "ఇది చాల్లేదబ్బయా. ఆ గొర్రెలాయనకి ఇచ్చినావే, అంత ఖంగున రావాల. నేనప్పుడు ఈడనే కూచోని ఉండా కదా. నా చెవులు పగిలినాయి."

పవన్ చెయ్యి మౌస్ మీద ఆగింది.

"ఏ గొర్రెలాయన?" అంది చెంచులక్ష్మి.

"ఎవురో బేరగాడు. సంతల్లో కొంటాడంట. నెమలి బొమ్మ చొక్కా." ముసలాయన కార్డు తీసుకుని, రెండుసార్లు వెలుగులో తిప్పి చూసి, మళ్లీ సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు.

గదిలో పరుపుల వాసన. బయట రోడ్డు చప్పుడు లోపలికి రాదు.

"చెప్పు," అంది.

"చెంచూ, నాకు తెలీదు వాళ్లు ఇట్ట చేస్తారని. కొన్న గొర్రెలు బండెక్కకుండా ఇబ్బంది పెడతా ఉండాయి, డ్రమ్ములు లేని పిలుపు ఇయ్యి అన్నాడు. ఇచ్చినా."

"నువ్వు ఇచ్చి, మూడు రోజుల్నించి నోరు మూసుకోని కూచోని ఉండావా? వాడి చెయ్యి విరగ్గొట్టినారు."

"నేను ఒక్కణ్ణే ఇచ్చినానా?" పవన్ మొహం పాలిపోయి ఉంది. "నీ ఫోన్ చూడు. పది రోజుల కింద. నిన్నడక్కుండా ఇస్తానా మీ తాత గొంతు?"

ఆమె ఫోన్ తీసి వాళ్లిద్దరి మెసేజీలు పైకి జరిపింది. ప్రోగ్రాం ఫొటోలు, పాట లింకులు, నవ్వు బొమ్మలు. ఆ పైన ఒక వాయిస్ మెసేజ్, పవన్‌ది. "ఎవరో గొర్రెలాయన ఒట్టి పిలుపు కావాలంటా ఉండాడు, ఇయ్యమంటావా?" దాని కింద తనది. పదకొండు సెకన్లు. ఆమె చెవి దగ్గర పెట్టుకుంది.

కాలేజీ బస్సు చప్పుడు. వెనక అమ్మాయిల అరుపులు. వాటి మీద తన గొంతు, నవ్వుతూ. "ఎవురడిగినా ఇయ్ రా. ఊరూరా మోగాల. మన పాట గొర్రెలక్కూడా నచ్చిందని చెప్పు."

దాని కింద పవన్ మూడు మాటలు. ఇచ్చినా. కార్డులో వేసి.

నలుగురి దగ్గరే ఉంది అని అరుగు మీద చెప్పేటప్పుడు ఇది ఆమెకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. అంత చిన్న విషయం.

"తీసేద్దాం," అన్నాడు పవన్. "నీ దాంట్లో, నా దాంట్లో. ఆ ముసలాయనకి ఏమీ తెలీదు. ఆదివారం అయిపోనీ. తర్వాత జోయెల్‌కి ఏదన్నా చేద్దాం, నేను కూడా చేస్తా. మా నాయనకి తెలిస్తే నన్ను చంపేస్తాడు చెంచూ."

ఆమె వేలు ఆ మెసేజ్ మీద నొక్కి పట్టింది. తీసేయమంటావా అని ఫోన్ అడిగింది. మళ్లీ ఒకసారి విని, ఫోన్ సంచిలో వేసుకుని లేచింది.

*

బుధవారం పొద్దున సురేంద్రబాబు ఇంటికి పెంచలయ్య రాననే అన్నాడు. "చెప్పి ఏం చేస్తావు పాపా? పోయినవి రావు."

"జోయెల్ గురించి తాతా."

ఆయన మంద చుట్టూ కట్టే వల మోకులు సరిచేశాడు. తరువాత తలగుడ్డ చుట్టుకుని వెంట నడిచాడు.

సురేంద్రబాబు అప్పుడే టిఫిన్ చేసి అరుగు మీదికి వచ్చాడు. గోపాలయ్య, ఇంకో ఇద్దరు రైతులు ఉన్నారు. సాయికిరణ్ గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. చెంచులక్ష్మి రాత్రంతా మాటలు పేర్చుకుంది. తీరా నోరు తెరిస్తే ఒకటే వచ్చింది.

"దొంగలకి పిలుపు ఇచ్చింది జోయెల్ కాదు సార్. నేను."

ఫోన్ తీసి మూడూ వరసగా వినిపించింది, చూపించింది. పవన్ అడిగింది, తను చెప్పింది, పవన్ ఇచ్చానన్నది. బస్సులో అమ్మాయిల అరుపులు అరుగు మీద వింతగా మోగాయి. గొర్రెలక్కూడా నచ్చిందని చెప్పు. పెంచలయ్య ఆ మాటకు తల దించుకున్నాడు.

ఆమె చెంపదెబ్బకైనా సిద్ధపడే వచ్చింది.

సురేంద్రబాబు నవ్వాడు. పెద్దగా కాదు, ముచ్చట పడినట్టు.

"చిన్నపిల్ల. తెలీక చేసింది," అన్నాడు రైతుల వైపు తిరిగి. "ఈ ఫోన్లతో వచ్చిన తంటా ఇది. పెంచలయ్యా, నీ మనవరాల్ని ఏమీ అనబాక. నిజం చెప్పే గుణముండాది. నెమలి చొక్కా వాణ్ణి సంతల్లో మనవాళ్లు వెతుకుతార్లే."

"జోయెల్ సంగతి సార్?"

"వాడి సంగతేముంది? అనుమానమొచ్చింది, మందలించినాం. కాదని తేలింది, వదిలేద్దాం. ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంటా." ఆయన చెయ్యి ఊపాడు. "నువ్వు ఆదివారం మీద మనసు పెట్టు."

రేణుకాదేవి స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చల్లగా ఉంది, పైన కరివేపాకు తేలుతోంది. చెంచులక్ష్మి గ్లాసు పట్టుకుని నిలబడింది. తాగలేదు.

"సార్, నన్నెందుకు కొట్టలా?"

"ఇదేం మాటమ్మా," అంది రేణుకాదేవి.

"జోయెల్ ఏమీ చెయ్యలా. వాడికి చెయ్యి విరిగింది. నేను చేసినానని నా నోటితో చెప్తా ఉండా. నాకు మజ్జిగ ఇచ్చినారు."

"ఆడపిల్లవి," అన్నాడు సురేంద్రబాబు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కానీ కళ్లు దాన్ని వదిలేశాయి.

"కార్డులో వేసింది పవన్. వాడు మగపిల్లోడే. గోపాలయ్య అన్న వాణ్ణి బ్యారన్ కాడికి పిలిపిస్తాడా?"

"పాపా," అన్నాడు పెంచలయ్య హెచ్చరికగా.

"పెంచలయ్యా," అన్నాడు సురేంద్రబాబు, ఆమెను చూడకుండా. "పిల్లకి ఎండదెబ్బ తగిలినట్టుండాది. ఇంటికి తోలుకోని పో. ఈ మాటలు ఇంతటితో ఈడనే ఉండాల. నీ మంద నా బీట్లో ఉండాది, మర్చిపోబాక."

సాయికిరణ్ ఒక్కసారి తల ఎత్తి ఆమెను చూశాడు. తరువాత లోపలికి వెళ్లిపోయాడు.

*

రెబెకమ్మ ఊరి అవతల ఇంకో రైతు కొట్టంలో పనిలో ఉంది. ఎదురుగా పచ్చాకు కుప్ప. రెండేసి ఆకులు కాడలు కలిపి పట్టుకుని, కర్రకు అటొకటి ఇటొకటి దారంతో బిగిస్తోంది. ఒక కర్ర నిండితే పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటోంది. కొట్టం చివర నులకమంచం మీద జోయెల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి వేళ్ల నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది. కింది పెదవి చిట్లి నల్లబడింది.

చెంచులక్ష్మి నేల మీద కూర్చుని అంతా చెప్పింది. తన మెసేజ్ వినిపించింది. అరుగు మీద జరిగింది కూడా చెప్పింది. రెబెకమ్మ వేళ్లు ఆగలేదు.

"నువ్వు చెప్తే ఏమన్నారు?"

"ఏమీ అనలా."

రెండు ఆకులు, ఒక బిగింపు. రెండు ఆకులు, ఒక బిగింపు.

"ఎన్ని పోయినాయి?" అన్నాడు జోయెల్. పెదవి కదలకుండా మాట్లాడుతున్నాడు.

"ఏంది?"

"మీ తాతవి. గొర్రెలు. ఎన్ని?"

"పద్దెనిమిది."

వాడు తల ఊపాడు, ఒక లెక్క తేలినట్టు. "ఎన్ని అమ్మినావు, యాడ అమ్మినావు అని అడగతానే ఉండారు. లేదు లేదన్నా. ఇంక ఓర్చుకోలేక, నేనే తీసుకపోయినా అని చెప్పేసినా. ఎన్ని అన్నారు. పది అన్నా. ఒకటి పడింది. ముప్పై అన్నా. ఇంకొకటి పడింది." కట్టు వైపు చూశాడు. "పద్దెనిమిదని తెలిసుంటే ఆపేవాళ్లేమో."

చెంచులక్ష్మికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

రెబెకమ్మ నిండిన కర్ర పక్కన పెట్టింది. ఈసారి ఇంకోటి తీసుకోలేదు. "రేపు స్టేషన్‌కి పోతా ఉండాం. కేసు పెడతాం. ఆ మెసేజ్ కావాల. ఉత్త ఫోన్ కాదు, మనిషి కావాల. అరుగు మీద ఎవరు ఏమన్నారో చెప్పేదానికి."

"వస్తానాంటీ."

"వస్తాననేది సులువు. మీ మంద యాడ తిరుగుద్ది? మీ అవ్వ ఏం తింటది? ఆలోచించుకోని చెప్పు. రాకపోతే నిన్నేమీ అనను. అనుకుంటా, అంతే."

ఇంటికి వచ్చి ఆమె తాతకు చెప్పింది. పెంచలయ్య అరవలేదు. బాగా చేశావనీ అనలేదు. పొయ్యి ముందున్న భార్య వైపు తిరిగి, "ఆదిశేషమ్మా, గిన్నెలు మూట కట్టు," అన్నాడు. "ఈ పిల్ల ఆడికి పొయ్యి వచ్చేలోపల మనం ఆ బీడు ఖాళీ చెయ్యాల. లేకపోతే వాళ్లే చేయిస్తారు."

"యాడికి పోతాం?" అంది అవ్వ.

"నీళ్లున్న తావుకి. సోమశిల దిక్కు."

*

గురువారం పొద్దున షేర్ ఆటోలో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు. మధ్యలో రెబెకమ్మ. బడి గోడ మీద ఆదివారం ప్రోగ్రాం పోస్టరు కొత్తగా అంటించారు. జోయెల్ మొహం ఉండాల్సిన చోట చెవిపోగు కుర్రాడు ఉన్నాడు. చెంచులక్ష్మి మొహం ఇంకా ఉంది. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "నువ్వు మెట్ట బ్యాండ్ పాపవి కదా," అని పాట పెట్టబోయాడు. "వద్దన్నా," అంది ఆమె. అతను భుజాలు ఎగరేసి రోడ్డు చూసుకున్నాడు.

సాయికిరణ్ నుంచి మెసేజ్ వచ్చింది. పోవద్దు చెంచూ, బ్యాండ్ పోతుంది, ప్లీజ్. ఆమె చదివి ఫోన్ బోర్లా పెట్టుకుంది. పవన్ నుంచి ఏమీ రాలేదు.

స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ నడివయసు మనిషి. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. ఆస్పత్రి కాగితాలు చూశాడు. వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాడు. తెల్ల కాగితాలు తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసే కొద్దీ పైకి చదివాడు. ఏ రోజు, ఏ వేళ, ఏ బ్యారన్ దగ్గర, ఎవరెవరు పట్టుకున్నారు, దేనితో కొట్టారు. జోయెల్ ఒక్కొక్కటే చెప్పాడు. పేర్లు చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. అయినా చెప్పాడు.

"అసలు ఈ అబ్బాయి మీద వాళ్లకి అనుమానం ఎట్టా వచ్చింది? ముందు ఈ పేరు ఎవరు చెప్పినారు?"

రెబెకమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"నేను," అంది చెంచులక్ష్మి. "గొంతు విని పేరు అన్నది మా తాత. కానీ రికార్డు ఉండాదా అని అడిగితే ఉండాది అన్నది నేను. ముందు నలుగురే అన్నది నేను."

రైటర్ కలం ఆపి ఆమెను చూశాడు. "మరి నువ్వు ఈళ్ల తరఫున వచ్చినావా, ఆళ్ల తరఫునా?"

"రెండు చోట్లా నా పేరు రాయండి సార్."

అతను తల వంచి రాశాడు.

చివరి కాగితం జోయెల్ వైపు తిప్పాడు. కట్టు చూసి, సొరుగులోంచి ఇంకు డబ్బా తీసి పక్కన పెట్టాడు. "సంతకం కష్టం. ఎడమ బొటనవేలు వెయ్యబ్బాయ్, చెల్లుద్ది."

జోయెల్ బొటనవేలు డబ్బా వైపు కదిలింది.

"వెయ్యబాక," అంది రెబెకమ్మ. ఆమె చెయ్యి డబ్బా మీద మూతలా పడింది. "నేను వేస్తా, నాకు రాదు గనక. నువ్వు ఇంటర్ చదువుతా ఉండావు. రాయి. ఎంతసేపైనా రాయి."

రైటర్ కలం అందించాడు. జోయెల్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి అక్షరం గీత దాటి పోయింది. రెండోదానికి కలం మొనతో పాటు కాగితం జరిగింది. కట్టు కట్టిన చెయ్యి దాన్ని ఆపడానికి అలవాటుగా కదిలి, బల్ల అంచుకు తగిలింది. వాడు కళ్లు మూసుకుని, తెరిచాడు.

"జారతా ఉండాది," అన్నాడు, ఎవరినీ చూడకుండా. కొంచెం ఆగి, "పట్టుకో."

చెంచులక్ష్మి ముందుకు వంగి కాగితం రెండు మూలలా వేళ్లు ఆనించింది. వాడు మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. బయట వరసలో ఉన్నవాళ్లు తొందరపడుతున్నారు. రైటర్ వాళ్లను ఆగమన్నాడు.